ఇంట్లో చిక్కిన పిట్టకు దిక్కెవరు?
వదిలిపెట్టడం సగం పని, దారి మూయడం తక్కిన సగం

మోత్కూర్: ఎండలు ముదిరాయంటే మన పల్లెల్లో దాదాపు ప్రతి ఇంటా కనబడే దృశ్యం ఒకటుంది. తెరిచిన దర్వాజలోంచి పిచ్చుకో గోరింకో లోపలికి దూసుకువస్తుంది. పైన పంకా తిరుగుతూ ఉంటుంది. పిల్లలు కేకలు వేస్తారు. పెద్దవాళ్లు చీపురో తువ్వాలో పట్టుకుని తరుముతారు. బెదిరిన పిట్ట అద్దానికి కొట్టుకుంటుంది, లేదా పంకా రెక్కకు తగిలి కింద పడుతుంది. "అయ్యో పాపం" అని ఒక మాట అనుకుని ఎవరి పనిలో వారు పడిపోతారు.

మనుషుల కష్టాలే ఇన్ని ఉండగా పిట్టల గొడవ ఏమిటని కొందరు అడగవచ్చు. కాని ఇంట్లో పిట్ట చిక్కడం అనేది దానంతట అది జరిగే ప్రమాదం కాదు. మనం ఇళ్లు కట్టే తీరు మారింది. ఊరి బయట చెట్లు పోయాయి. చెడిపోయిన బోర్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఈ మూడూ కలిసి తెచ్చిన ముప్పు ఇది. ఇందులో మూడవది పిట్టలనే కాదు, పసిపిల్లలను కూడా మింగింది. కనుక ఈ విషయాన్ని కాస్త నిదానంగా పరిశీలించవలసి ఉంది.

నాటి ఇల్లు, నేటి ఇల్లు

ఒకప్పటి గూనపెంకుల ఇంటిని గుర్తు చేసుకోండి. మట్టిగోడ మీద దూలం, దూలం మీద వాసాలు, వాటిపై పెంకులు. గోడ అంచుకూ కప్పుకూ నడుమ చుట్టూరా జానెడు సందు ఉండేది. భవంతి ఇల్లయితే నడిమధ్య ఆకాశమే కనిపించేది. పిచ్చుక ఆ సందులోంచి వచ్చేది, వాసాల మధ్య గూడు పెట్టుకునేది, మళ్లీ ఆ సందులోంచే పోయేది. చూరుకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలకు మేత పెట్టే ఆచారం కూడా మన పెద్దలదే. ఇంటివారికీ పిట్టకూ పేచీ లేదు.

నేటి స్లాబు ఇంటి సంగతి వేరు. దర్వాజ ఏడడుగుల ఎత్తు. స్లాబు పది అడుగుల ఎత్తు. ఈ రెండింటి నడుమనున్న మూడడుగుల గోడకు సందు లేదు. పిట్ట స్వభావం ఏమిటంటే, భయపడితే పైకి లేస్తుంది, వెలుతురున్న వైపు పోతుంది. లోపలికి వచ్చిన పిట్ట స్లాబు కిందనే గిరగిర తిరుగుతుంది తప్ప, కిందనున్న దర్వాజ దానికి దారిగా తోచదు. వెలుతురు కనిపించే చోటల్లా అద్దమో సన్నని జాలీయో అడ్డంగా ఉంటుంది. తరిమినకొద్దీ అది ఇంకా పైకే పోతుంది. మనం సాయం అనుకుని చేసే పని దాని ప్రాణానికి ముప్పు అవుతున్నదన్న మాట.

దుకాణాల ఇనుప షట్టర్ల సంగతి కూడా ఇంతే. షట్టరు చుట్టుకునే పై పెట్టెలో చీకటి, నీడ రెండూ ఉంటాయి కనుక పిచ్చుకలు అక్కడ గూడు పెడతాయి. పొద్దున షట్టరు ఎత్తినప్పుడు గూడు నలిగిపోతుంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరి, 2018లో మున్సిపాలిటీ అయిన మోత్కూర్ వంటి ఊళ్లలో పెంకుటిళ్ల స్థానంలో షట్టర్లు వరుసకట్టాయి. పిట్టకు మిగిలిన వాసం ఆ షట్టరు పెట్టె ఒక్కటే అయింది.

తొర్రలు ఏమైనట్లు?

పిట్టలన్నీ కొమ్మ మీద గూడు కట్టుకోవు. గిజిగాడు ఈతచెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో గూడు వేలాడదీస్తుంది. పాలపిట్ట, రామచిలుక, గోరింక, గుడ్లగూబ అలా కాదు. వీటికి తొర్ర కావాలి. మెట్ట ప్రాంతమైన మన దగ్గర ఆ తొర్రలు ఎక్కువగా ఎండిన తాటి మోడులలోనూ, పాత వేప, చింత, మర్రి చెట్లలోనూ ఉండేవి. ఈ సంగతి గీత కార్మికులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రోడ్లు వెడల్పయ్యాయి, భూములు ప్లాట్లయ్యాయి, పాత చెట్లు పోయాయి. పనికిరాదని మొదట నరికేది మోడునే. రైతుకు పనికిరాని ఆ మోడే పిట్టకు ఇల్లు. అది పోయినప్పుడు పిట్ట ఏం చేస్తుంది? తొర్రలా కనిపించే ప్రతి చీకటి రంధ్రంలోనూ తల దూరుస్తుంది. గోడలోని పైపు, గేటు స్తంభం, మరుగుదొడ్డి గాలిగొట్టం, ఎగ్జాస్ట్ పంకా పెట్టవలసిన రంధ్రం, కూలరు వెనుక భాగం, ఇవన్నీ దాని కంటికి తొర్రలే.

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూస్తే శుభమని పొలిమేర దాటి వెళ్లి మరీ వెతుకుతాం. దేశంలోని పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక పాలపిట్టల సంఖ్య తగ్గుతున్నదని తేల్చి, ప్రపంచ స్థాయిలో దాని స్థితిని మళ్లీ మదింపు చేయాలని సూచించింది. ఏటా ఒకరోజు దర్శనం కోరుకునే మనం, మిగిలిన రోజుల్లో దానికి ఒక మోడునైనా మిగల్చడం లేదన్నది గమనార్హం.

మూత లేని గొట్టం

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది నిలువుగా నిలబెట్టి పైన మూత లేకుండా వదిలేసిన గొట్టం. పిట్ట గూడుకోసం లోపలికి దిగుతుంది. లోపల గోడ నున్నగా ఉంటుంది కనుక కాలిగోళ్లకు పట్టు దొరకదు. ఇరుకు కనుక రెక్క విప్పలేదు. ఇక పైకి రావడం కల్ల. అరుపు వినబడినా ఎక్కడినుంచో తెలియదు. రెండు మూడు రోజుల్లో ఆ అరుపు ఆగిపోతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కెర్న్ నది ఒడ్డున ఒక పక్షి రక్షిత క్షేత్రం ఉంది. సుమారు పదిహేనేళ్ల కిందట అక్కడ పొలాలకు నీరు పెట్టే పాత గొట్టం ఒకటి కూలింది. దాని లోపల 200కు పైగా పిట్టల కళేబరాలు బయటపడ్డాయి. పక్షులను కాపాడడానికే ఏర్పడిన చోట, ఎవరి కంటా పడకుండా జరిగిన ఘోరం అది. అదే దేశంలోని నెవాడా రాష్ట్రంలో గనుల హద్దులకు పాతిన బోలు ప్లాస్టిక్ గొట్టాలు వేల సంఖ్యలో ఉండేవి. వాటిలో పిట్టలు పడి చనిపోతున్నాయని తేలడంతో, 2011 నవంబరు నుంచి అలాంటి గొట్టాన్ని ఎవరైనా పీకి పక్కన పడవేయవచ్చునని అక్కడి చట్టం అనుమతించింది.

మన ప్రాంతంలో గనుల హద్దు గొట్టాలు లేవు గాని, అంతకన్నా లోతైనవి ఉన్నాయి. నీరు పడని బోర్ల గురించి మోత్కూర్ చుట్టుపక్కల రైతులకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఒక బోరు ఎండితే పక్కన ఇంకొకటి వేశారు. అదీ ఎండితే మరొకటి. మోటారు తీసుకుపోయిన తరువాత కేసింగ్ పైపు నోరు తెరుచుకుని ఉండిపోతుంది. దాని మీద రాయి పెట్టేవారు కొందరు, గోనెసంచి కప్పేవారు కొందరు, ఏమీ చేయనివారు కొందరు.

ఆ నిర్లక్ష్యం ఎంతవరకు పోయిందో తెలిసిందే. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఒక పసిపాప, 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాలుడు బోరుగుంతలో పడి ప్రాణాలు విడిచారు. వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని, వాడుకలో ఉన్న బోరు కేసింగ్ పైపుకు ఇనుప మూత బిగించాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పిట్టకోసం ఒక మూత, పిల్లకోసం ఇంకొక మూత అక్కరలేదు. రెండింటికీ ఒకటే మూత చాలు.

చిక్కిన పిట్టను ఎలా వదలాలి?

ఇంట్లోకి పిట్ట వచ్చిందంటే మొదట ఆపవలసింది పంకా. తరువాత ఆపవలసింది మనుషుల అలజడి. పిల్లలను, పిల్లిని, కుక్కను బయటికి పంపాలి. ఆ అర్రనుంచి తక్కిన అర్రల్లోకి పోయే తలుపులు వేయాలి. లైట్లు ఆర్పి, కిటికీలకు దుప్పట్లో చీరలో అడ్డంగా కట్టి చీకటి చేయాలి. బయటికి పోయే ఒక్క దర్వాజనో, జాలీ లేని ఒక్క కిటికీనో మాత్రం బార్లా తెరవాలి. ఆపై మనుషులు బయటికి వచ్చి ఊరుకోవాలి. వెలుతురు ఒక్కచోటే కనిపిస్తే పిట్ట కాసేపట్లో తనంతట తానే ఆ దారి పడుతుంది. చీపురుతో గంటసేపు కానిది చీకటితో పావుగంటలో అవుతుంది.

అద్దానికి తగిలి సొమ్మసిల్లిన పిట్ట చచ్చినట్లే పడి ఉంటుంది గాని, చాలాసార్లు బతుకుతుంది. పలుచని గుడ్డ కప్పి రెండు చేతుల్లోకి తీసుకుని, రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, సద్దు లేకుండా గంట రెండు గంటలు ఉంచాలి. నోరు తెరిచి నీళ్లు పోయరాదు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చావుకు కారణమవుతుంది. పాలు అసలే పట్టరాదు. తేరుకున్నాక పెట్టెను చెట్టుదగ్గర తెరిచి దూరం జరిగితే ఎగిరిపోతుంది. రెక్క వేలాడుతున్నా, పిల్లి నోటబడినా అది ఇంటివైద్యంతో తేలే పని కాదు. అటవీశాఖ వారికి కబురు చేయాలి, దగ్గరలోని పశువైద్యుని సాయం అడగాలి.

గూటినుంచి పిల్ల కింద పడితే మళ్లీ గూటిలోనే పెట్టాలి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని మనలో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. చేయి తగిలిందని తల్లి పిల్లను వదలదు. ఈకలు పూర్తిగా వచ్చి నేలమీద గెంతుతున్న పిల్లయితే, అది ఎగరడం నేర్చుకుంటున్నదని అర్థం. తల్లి దగ్గరలోనే ఉంటుంది. పిల్లి అందుకోని కొమ్మమీదికి చేర్చి వదిలేస్తే చాలు.

షట్టరు పెట్టెలో పిచ్చుక గుడ్లు పెట్టి ఉంటే, గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. మొత్తం మీద ఒక నెల. రెండు షట్టర్లున్న దుకాణదారు ఆ నెల రెండవ షట్టరుతో సరిపెట్టుకోవచ్చు. పిల్లలు ఎగిరిపోయాక ఆ సందును చెక్కముక్కతోనో రేకుతోనో మూసి, పక్కన చూరుకింద ఒక చిన్న కుండనో చెక్కపెట్టెనో కట్టాలి. మూసిన ప్రతి దారికీ బదులుగా ఒక చోటు చూపకపోతే పిట్ట మళ్లీ అలాంటి సందునే వెతుక్కుంటుంది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పక తప్పదు. 2025లో మన జిల్లాలోని చౌటుప్పల్ మండలంలో ఒక కోళ్లఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కనుక పిట్టను పట్టేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిక్కిన పిట్టను కోళ్లగూటి దగ్గర ఉంచరాదు. ఒకేచోట అనేక పిట్టలు చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి.

గుడ్లగూబ మీద అపవాదు

ఇంట్లో చిక్కిన పిట్ట పిచ్చుకయితే జాలి, గుడ్లగూబ అయితే రాళ్లు. అటకమీదనో, పాత గుమ్మి వెనుకనో అది కనబడితే చాలు, కీడు వచ్చిందని భయపడి చంపేవారు నేటికీ ఉన్నారు. నిజానికి అది వచ్చేది చావును మోసుకుని కాదు, మన ఎలుకలను వెతుక్కుంటూ. వరి పండే చోట ఎలుక ఎంత నష్టం చేస్తుందో రైతుకు తెలుసు. ఇజ్రాయెల్ దేశంలో 1983 నుంచి పొలాల్లో చెక్కపెట్టెలు పెట్టి మరీ గుడ్లగూబలను పిలుస్తున్నారు. మలేషియా పామాయిల్ తోటల్లోనూ ఈ పద్ధతి ఉంది. వారు ఖర్చుపెట్టి పిలుచుకునే కాపలాదారును మనం ఉచితంగా వస్తే తరిమికొడుతున్నాం.

గుడ్లగూబ పగలు చిక్కితే పగలే వదలరాదు. కాకులు చుట్టుముట్టి పొడుస్తాయి. పొద్దుగూకేదాకా చీకటి అర్రలో ఉండనిచ్చి, పొద్దుగూకాక కిటికీ తెరిస్తే దానిదారిన అది పోతుంది.

పిట్టలు ధాన్యం తింటాయి కదా అని అడిగేవారికి చైనా అనుభవం జవాబు చెబుతుంది. 1958లో అక్కడి ప్రభుత్వం పిచ్చుకలను పంటకు శత్రువులుగా ప్రకటించి ఊరూరా చంపించింది. పిచ్చుకలు పోయాక పురుగు, మిడత విజృంభించాయి. 1960లో ఆ జాబితానుంచి పిచ్చుకను తొలగించవలసి వచ్చింది. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది ముఖ్యంగా పురుగులనే.

చట్టం ఏమంటున్నది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షిని చంపడమే కాదు, వలపెట్టి పట్టడం, గూడు చెడపడం, గుడ్లు తీయడం కూడా వేటకిందికే వస్తాయి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. నేరానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. అది ఏ విధంగానైనా మన చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీసుస్టేషనులోనో, అధీకృత అధికారికో తెలపాలని చట్టం చెబుతున్నది. రక్షించాం కదా అని రామచిలుకను పంజరంలో పెట్టుకుంటే, రక్షించినవాడే నేరస్థుడవుతాడు.

చట్టం మంచిదే. కాని పిట్ట చిక్కిన గంటలో ఎవరిని పిలవాలన్నది పల్లెలో ఎందరికి తెలుసు? సమస్య అంతా అక్కడ ఉంది.

ఈ సందర్భంలో కేరళలోని కన్నూరు జిల్లా ఉలిక్కల్ గ్రామంలో 2025 ఏప్రిల్‌లో జరిగినది చెప్పుకోదగినది. తగాదా వల్ల కోర్టు సీలు వేసిన ఒక బట్టల దుకాణం అద్దాల వెనుక పిచ్చుక ఒకటి చిక్కుకున్నది. సీలు తీసే అధికారం ఊరివారికి లేదు. అధికారులకూ లేదు. ఊరివారు ఊరుకోలేదు. మాట జిల్లా జడ్జి దాకా వెళ్లింది. ఆయన స్వయంగా వచ్చి తాళం తీయించారు. పిచ్చుక ఎగిరిపోయింది. ఒక పిచ్చుక కోసం జడ్జి రావాలా అని నవ్వుకోవచ్చు. కాని ఆ తాళం తీయగల అధికారం ఎవరికున్నదో వారే వచ్చారన్నది ఇక్కడి విశేషం.

తెలుగునాట కూడా మంచి ఉదాహరణలు లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలోనూ, శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలోనూ ఏటా కొంగలు తరలివచ్చి ఊరి చెట్లమీద పిల్లలను పెంచుతాయి. వాసన, రెట్ట, గోల అన్నీ ఉంటాయి. అయినా ఆ గ్రామస్థులు వాటి రాకను శుభంగా ఎంచి కాచుకుంటున్నారు. ఏ శాఖ ఉత్తర్వూ లేకముందునుంచే వారికది అలవాటు.

చేయదగిన పనులు

ఇందుకు కోట్ల పథకాలు అక్కరలేదు. పంచాయతీలు తమ పరిధిలోని ఎండిన బోర్లను ఒక చిట్టాలో ఎక్కించి, వర్షాలకు ముందే పూడ్పించవచ్చు. రైతు తన చేనులోని బోరుకు తానే మూత వేయించుకోవచ్చు. ఇల్లు కట్టుకునేవారు మరుగుదొడ్డి గాలిగొట్టానికీ, ఇనుప గేటు స్తంభానికీ, స్లాబు మీద నిలిపిన గొట్టాలకూ కట్టేనాడే మూతో జాలీయో పెట్టమని మేస్త్రీకి చెప్పాలి. నీళ్ల ట్యాంకు మూత గాలికి లేవకుండా బిగించాలి. మెట్లు లేని పాత బావిలోకి నీటిదాకా తాకేలా ఒక ఎండుకొమ్మను తాడుకట్టి దింపితే పడిన పిట్టకే కాదు, తొండకూ ఉడతకూ పైకి వచ్చే దారి దొరుకుతుంది.

అధికారులు చేయవలసింది కూడా కొద్దిదే. పిట్ట గాని, జంతువు గాని చిక్కినప్పుడు పిలవవలసిన అటవీశాఖ ఉద్యోగి ఎవరో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ప్రతి పంచాయతీ కార్యాలయం గోడమీదా, బడి గోడమీదా రాయించాలి. ఇళ్ల అనుమతులిచ్చే మున్సిపాలిటీ గొట్టాల మూతల సంగతిని కూడా చూసుకోవాలి. రోడ్లపక్కన, చెరువుకట్టల మీద మిగిలిన తాటి మోడులను అడ్డం లేనిచోట నరకకుండా ఉంచాలి.

నేడు ఇంటికి పోగానే ప్రతివారూ చేయగల పని ఒకటుంది. ఇంటి చుట్టూ, చేని చుట్టూ ఒకసారి తిరిగి, ఆకాశం వైపు నోరు తెరిచిన గొట్టాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎండిన బోరయితే పూడ్పించండి. తక్కినవాటికి గట్టి మూత బిగించండి. ఆ తరువాత చూరుకింద ఒక కుండ కట్టండి.